ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తితే...



శనివారం రాత్రి పదకొండు దాటితే మా క్యాజువాలిటీలో డ్యూటీ మీద ఉన్నవాళ్లు డ్రెస్సింగ్ ట్రేలు సర్దుకొని ఒక చెవి గేటు వైపే ఉంచుతారు. ఆ వేళకు వచ్చేవారిలో బైకు మీద నుండి పడినవారే ఎక్కువ. కొద్ది నెలల క్రితం అలా వచ్చిన ఒక కుర్రవాని వెంట వాళ్ల బావగారు హెల్మెట్ కూడా పట్టుకొచ్చారు. దానిమీద గీత కూడా పడలేదు. "ట్యాంకు మీద పెట్టుకొని నడిపాడు సిస్టర్, చౌరస్తాలో పోలీసులు కనబడితే తగిలించుకుందామని" అన్నారాయన. ఆ అబ్బాయి పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. బ్రతికాడు గాని ఇప్పటికీ ఇంట్లోవాళ్ల పేర్లు గుర్తు తెచ్చుకోవడానికి తడుముకుంటున్నాడు.

మన హైదరాబాదులో చాలామందికి ట్రాఫిక్ చట్టమంటే పోలీసు, పోలీసంటే చలానా. అంతకుమించి తెలియదు. అందుకని ఈసారి బీపీ, షుగరు సంగతులు పక్కనబెట్టి, రోడ్డు మీద పోలీసుకు ఏ అధికారం ఉంది, ఏ తప్పుకు ఏ శిక్ష ఉంది, అందులో మన ఆరోగ్యానికి సంబంధించినది ఎంత అన్నది చెప్పాలనుకున్నాము.

దేశమంతటికీ వర్తించేది 1988 నాటి మోటారు వాహనాల చట్టం. 2019లో దానిని సవరించి, ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుండి జరిమానాలను బాగా పెంచారు. యూనిఫారంలో ఉన్న ఏ పోలీసు అధికారి అడిగినా డ్రైవింగ్ లైసెన్సు చూపించాలని 130వ సెక్షను చెబుతుంది. కాగితమే ఉండనక్కరలేదు, డిజీలాకర్‌లో గాని ఎం-పరివాహన్‌లో గాని చూపితే చెల్లుతుంది. లైసెన్సు లేకుండా, రిజిస్ట్రేషను లేకుండా నడిపితే 207వ సెక్షను కింద బండిని ఆపి ఉంచుకోవచ్చు.

ఇక చలానా. హెల్మెట్ లేకపోతే చట్టంలో ఉన్న శిక్ష వెయ్యి రూపాయల జరిమానా, దానితోపాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. "మేము అంత ఎప్పుడూ కట్టలేదే!" అంటారు మీరు. నిజమే. మనం కట్టే చలానా కోర్టు వేసిన శిక్ష కాదు. కోర్టుకు వెళ్లకుండా తప్పు ఒప్పుకొని కట్టే రాజీ రుసుము. అది ఎంత ఉండాలో నిర్ణయించే అధికారాన్ని 200వ సెక్షను రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. 2019లో కేంద్రం జరిమానాలు పెంచినప్పుడు తెలంగాణ ఆ రుసుములను పెంచలేదు. ఆంధ్రప్రదేశ్ 2020లో పెంచింది. అందువల్ల ఒకే తప్పుకు విజయవాడలో ఉన్న అన్నయ్య ఒక లెక్క, ఇక్కడి తమ్ముడు ఒక లెక్క కట్టవలసి వచ్చింది.

పైగా 2022 మార్చిలో పాత చలానాల మీద ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 డిసెంబరు చివరిలో 80 శాతం తగ్గింపు ఇచ్చారు. పేరుకుపోయిన బకాయిలు వసూలు చేసుకోవడానికి అది పనికివచ్చి ఉండవచ్చు. కాని మా వార్డుబాయ్ ఒకడు బండి మీద పడిన చలానాలను కట్టకుండా "మళ్లీ ఆఫర్ వస్తుంది మేడమ్" అంటూ కూర్చున్నప్పుడు, ఇది పండుగ డిస్కౌంటులాగా తయారైందే అని మాకు బాధ కలిగింది.

హెల్మెట్ చలానా కోసం కాదని మళ్లీ చెప్పనవసరం లేదు గాని, అంకెలు చెబుతాము. సరిగా పెట్టుకున్న హెల్మెట్ వలన బైకు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలే అపాయం సుమారు 69 శాతం, మరణించే అపాయం సుమారు 42 శాతం తగ్గుతుందని పరిశోధనలను కలిపి చూసినవారు తేల్చారు. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 50,029 మంది హెల్మెట్ లేనివారు. అందులో 14,337 మంది వెనుక కూర్చున్నవారు! చట్టం నడిపేవారికే కాదు, వెనుక కూర్చున్నవారికి, నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా హెల్మెట్ ఉండాలంటుంది. దానికి ఐఎస్ఐ గుర్తు ఉండాలి, గడ్డం కింద పట్టీ బిగించాలి. పట్టీ వదులుగా ఉంటే తలకంటే ముందు హెల్మెట్ ఎగిరిపోతుంది.

ఇప్పుడు ఎక్కువమంది అడిగే విషయానికి వద్దాము. తాగి నడపడం.

వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఆల్కహాలు ఉంటే 185వ సెక్షను కింద నేరం. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు, లేదా పదిహేను వేలు, లేదా రెండూ. ఇది చలానా కట్టి వదిలించుకునే తప్పు కాదు, కోర్టుకు వెళ్లాల్సిందే. నగరంలో అంతకుముందు గోషామహల్, బేగంపేటల్లోని ట్రాఫిక్ శిక్షణ కేంద్రాలకు పిలిచి, కుటుంబసభ్యులను కూడా కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇస్తూ వచ్చారు. భార్య పక్కన కూర్చొని వినే ఆ గంట పదివేలకంటే ఎక్కువ పనిచేస్తుందని కొందరు మాతో చెప్పారు.

"పొద్దున్నే మజ్జిగ తాగాను, నిమ్మకాయ నమిలాను, స్నానం చేశాను, ఇంకా ఎందుకుంటుంది?" అని అడుగుతారు. ఆల్కహాలును కరిగించేది కాలేయం. అది తన వేగంతోనే పని చేస్తుంది, గంటకు సుమారు 15 నుండి 20 మిల్లీగ్రాముల చొప్పున. రాత్రి పన్నెండుకు రక్తంలో 160 ఉన్నవానికి ఉదయం ఆరింటికి కూడా 40కి పైగా ఉండవచ్చు. మజ్జిగ, కాఫీ, చన్నీళ్లు దానిని తొందరపెట్టలేవు.

మందుల సంగతి కూడా గుర్తుంచుకోండి. అదే సెక్షను, వాహనాన్ని అదుపులో ఉంచలేనంతగా మాదకద్రవ్యం లేదా మందు ప్రభావంలో నడపడాన్ని కూడా నేరమంటుంది. జలుబుకు వాడే కొన్ని మాత్రలు, నిద్రమాత్రలు, కొన్ని దగ్గు మందులు మత్తు కలిగిస్తాయి. మందు రాయించుకునేటప్పుడు "బండి నడపవచ్చా?" అని డాక్టరుగారిని అడగండి.

ఊదనని మొండికేస్తే? తాగినట్లు సహేతుకమైన అనుమానం ఉంటే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. ఊదడానికి నిరాకరించిన సంగతి కోర్టులో మీకు వ్యతిరేకంగానే నిలుస్తుంది. అయితే పోలీసు అధికారానికీ హద్దులున్నాయి. ప్రమాదంలో గాయపడి ఆసుపత్రిలో చేరిన వ్యక్తికి శ్వాస పరీక్ష చేయాలంటే ముందు చికిత్స చేస్తున్న డాక్టరుకు తెలియజేయాలి. చికిత్సకు హాని అని డాక్టరు అభ్యంతరం చెబితే చేయకూడదు. అలాగే 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు, తాగినవారి వెంట తాగని వ్యక్తి లైసెన్సుతో ఉంటే బండిని వారికి అప్పగించాలని, ఎవరూ లేకపోతే బంధువులకు గాని స్నేహితులకు గాని కబురు చేయాలని ఆదేశించింది.

ఇంకో మాట. సైరన్ వేసుకొని వచ్చే అంబులెన్సుకు పక్కకు తప్పుకోకపోతే ఆరు నెలల వరకు జైలు లేదా పదివేల జరిమానా. మైనరు బాలుడు బండి నడిపి నేరం చేస్తే తండ్రి గాని బండి యజమాని గాని మూడేళ్ల వరకు జైలు, పాతిక వేల జరిమానా ఎదుర్కోవాలి, ఆ అబ్బాయికి పాతికేళ్లు నిండేవరకు లైసెన్సు రాదు. పదో తరగతి పాసయ్యాడని బైకు కొనిపెట్టే తండ్రులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలని మా విన్నపం.

ఆ శనివారం కుర్రవాణ్ణి రోడ్డు మీద నుండి ఎత్తి ఆటోలో తెచ్చిన మనిషి, లోపలికి రాకుండా గేటు దగ్గరే వదిలి వెళ్లిపోయాడు. కేసులో ఇరుక్కుంటానని భయం. ఆ భయం ఇక అవసరం లేదు. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, 2019లో చేర్చిన 134ఏ సెక్షను సహాయం చేసినవారికి రక్షణ ఇస్తున్నాయి. మంచి మనసుతో గాయపడినవారిని తెచ్చిన వ్యక్తి పేరు, చిరునామా చెప్పనవసరం లేదు, డబ్బు కట్టనవసరం లేదు. పోలీసు కాగితాల కోసం ఆగకుండా వెంటనే చికిత్స మొదలుపెట్టడం డాక్టరు బాధ్యత అని చట్టమే చెబుతుంది.

ఖర్చు గురించి కూడా తెలుసుకోండి. 2025 మే నెలలో కేంద్రం ప్రకటించిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన నాటి నుండి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల మేరకు నగదు లేకుండా చికిత్స చేస్తారు. గుద్దిన బండి దొరకకుండా పారిపోతే, 2022 ఏప్రిల్ 1 నుండి మృతుని కుటుంబానికి రెండు లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి యాభై వేలు పరిహారం ఉంది. దీనికి దరఖాస్తు ఆర్డీవో లేదా తహశీల్దారు స్థాయి అధికారికి ఇవ్వాలి. రాయడం తెలియనివారు మా రిజిస్ట్రేషను కౌంటరు పక్క గదిలో ఉండే సోషల్ వర్కర్‌ను అడగండి, నింపి ఇస్తారు.