అర్రలో ఫోటో ఎందుకు షేక్ అవుతుంది?

చిల్పూరు గుట్ట మీద, బుగులు వేంకటేశ్వర స్వామి గుడి ముంగిట మిట్టమధ్యాహ్నపు ఎండ 80 వేల లక్స్ దాకా ఉంటుంది. గుట్ట దిగి ఊళ్లో ఒక పెంకుటింటి లోపలి అర్రలో ట్యూబ్‌లైటు వేసి కొలిస్తే 150 ఉంటే గొప్ప. తేడా 500 రెట్లకు పైనే. కన్ను సర్దుకుపోతుంది కనుక మనకు అది తెలియదు. కెమెరా మాత్రం ఆ లోటును షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి పూడ్చుకుంటుంది. ఆ కాసేపట్లో పెళ్లికొడుకు తల తిప్పాడా, ముఖం అలుక్కుపోయినట్టే.

లెక్క చూద్దాం. కెమెరాతో పాటు వచ్చే మామూలు జూమ్ లెన్స్‌ను ఎఫ్ 5.6 దగ్గర పెట్టి, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100తో ఎండలో తీస్తే షట్టర్ 1/1000 సెకను వస్తుంది. అదే అమరికతో అర్రలోకి వస్తే అర సెకను కావాలి. అర సెకను కదలకుండా ఉండటం రాతి విగ్రహానికే సాధ్యం. ఐఎస్ఓను 1600కు పెంచితే 1/30 దాకా వస్తాం. ఎఫ్ 1.8 లెన్స్ తగిలిస్తే ఐఎస్ఓ 800లోనే 1/150 దొరుకుతుంది, ఎందుకంటే ఎఫ్ 5.6 కన్నా అది దాదాపు 10 రెట్లు ఎక్కువ వెలుగును లోపలికి రానిస్తుంది. దానికీ ఓ చిక్కుంది. 50 ఎంఎం లెన్స్‌తో ఒకటిన్నర మీటరు దూరం నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు సుమారు 6 సెంటీమీటర్లే. పెళ్లికూతురి కళ్లు పదునుగా వస్తాయి, వెనకున్న పెళ్లికొడుకు మసకబారతాడు. అది షేక్ కాదు, ఫోకస్ సంగతి. జంటను తీసేటప్పుడు ఎఫ్ 2.8 లేదా 4 మేలు.

షట్టర్ ఎంత ఉండాలి? మాట్లాడుతూ ఉన్న మనిషి తల సెకనుకు 10 సెంటీమీటర్లు కదిలిందనుకోండి. 1/30లో అది 3 మిల్లీమీటర్లకు పైగా జరుగుతుంది, కనురెప్ప వెంట్రుకలన్నీ కలిసిపోతాయి. 1/125లో మిల్లీమీటరు కూడా దాటదు. చెయ్యి వణకకుండా ఆపే సదుపాయం లెన్స్‌లో ఉన్నా అది మీ వణుకునే ఆపుతుంది, ఎదుటివారి కదలికను ఆపలేదు. తలంబ్రాలైతే మరీను. సెకనుకు 2 మీటర్ల వేగంతో పడే గింజ 1/125లో ఒకటిన్నర సెంటీమీటరు గీతగా వస్తుంది. కూర్చున్న పెద్దవాళ్లకు 1/100, పిల్లలకు 1/250, తలంబ్రాలకు 1/500కు పైన. నేనైతే ముందు ఈ అంకె తేల్చుకొని ఐఎస్ఓను ఎటు పోతే అటు పోనిస్తాను. ఐఎస్ఓ పెరిగి నలుసులు పడ్డ ఫోటోను కంప్యూటర్ కొంత బాగుచేస్తుంది, చెరిగిన ముఖాన్ని తిరిగి తేలేదు.

ఇంకో లెక్క చాలామంది పట్టించుకోరు. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక పాత ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్‌ను 1/250కు పెంచితే ఒక ఫోటో వెలుగ్గా, మరొకటి చారలతో వస్తాయి. వాటి కింద 1/50 లేదా 1/100 దగ్గర ఆగడం ఉత్తమం.

అంకెలతో ఇంత కుస్తీ పట్టేకన్నా మనిషిని జరపడం తేలిక. పగటిపూట దర్వాజ పక్కన వెలుగు తేలిగ్గా వెయ్యి లక్స్ దాటుతుంది. 1,200 అనుకుంటే అర్ర కన్నా 8 రెట్లు, అంటే 1/30 కాస్తా ఉచితంగా 1/240 అయింది. మనిషి ముఖం వాకిలి వైపు ఉండాలి, వీపు కాదు. అవతలి పక్క తెల్లటి థర్మాకోల్ షీటు పట్టుకుంటే చీకటి చెంప కూడా తేలుతుంది. పగటి వెలుగును నమ్ముకోవడం పాత పద్ధతే. లాలా దీన్‌దయాళ్ స్టూడియో 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో తెరిచింది. ఆనాటి స్టూడియోలకు పగటి వెలుగే ఆధారం. గాజు పలకల కాలంలో తల ఊగకుండా వెనక ఇనుప ఊత పెట్టేవారు కూడా. మనకు గోడకు ఆనుకోమని చెబితే చాలు.

రాత్రి పెళ్లికి మాత్రం ఫ్లాష్ తప్పదు. దాని మెరుపు 1/1000 సెకను లేదా అంతకన్నా తక్కువ, కనుక గింజ గాల్లోనే ఆగిపోతుంది. నేరుగా ముఖం మీద కొట్టకుండా తెల్లటి స్లాబు వైపు తిప్పి కొట్టాలి. పెంకుటింట్లో స్లాబు ఉండదు, పక్కన సున్నం వేసిన గోడ ఉంటే దాని మీదికి తిప్పండి. ఆకుపచ్చ డిస్టెంపర్ గోడైతే ముఖాలూ పచ్చబడతాయి, అక్కడ థర్మాకోలే నయం.

ఫోన్‌తో తీసేవారికి ఒక్క మాట. నైట్ మోడ్ ఒకటి రెండు సెకన్లలో వరుసగా తీసిన ఫోటోలను కలిపి ఒక్కటి చేస్తుంది. ఖాళీ మండపానికి అది బాగుంటుంది. పసిపిల్లకు వద్దు, నైట్ మోడ్ ఆపేసి పిల్లను లైటు దగ్గరకు జరపండి. దూరం సగమైతే ఒక బల్బు వెలుగు 4 రెట్లవుతుంది.