ప్రభుత్వం ఖర్చు తగ్గిస్తే అప్పు తగ్గుతుందా? గ్రీస్‌లో ఏం జరిగింది?

అప్పు చేసి పప్పు కూడు వద్దని మన ఇళ్లల్లో చెబుతుంటారు కదా. ఇంటికి అది మంచి సలహానే. కానీ ఒక దేశం మొత్తం ఒకేసారి ఖర్చు తగ్గించేస్తే ఏమవుతుంది? ఈ రోజు గ్రీస్ విషయంలో అది చూద్దాం.

2009 చివర్లో గ్రీస్‌లో కొత్త ప్రభుత్వం వచ్చింది. పాత లెక్కల్లో చూపించిన దానికంటే లోటు చాలా ఎక్కువని బయటపెట్టింది. లోటు అంటే, ప్రభుత్వం వచ్చే ఆదాయం కంటే ఎక్కువ పెట్టే ఖర్చు. అంతే, అప్పులిచ్చేవాళ్లు భయపడ్డారు, వడ్డీలు పెరిగిపోయాయి. 2010 మేలో యూరో దేశాలు, ఐఎంఎఫ్ కలిసి 110 బిలియన్ యూరోల అప్పు ఇస్తామన్నాయి. కానీ షరతులు పెట్టాయి: ఖర్చులు తగ్గించాలి, పన్నులు పెంచాలి.

దాంతో ప్రభుత్వ జీతాలు, పెన్షన్లు కోశారు. షరతుల్లో భాగంగానే 2012లో కనీస వేతనం 22 శాతం తగ్గించారు. 25 ఏళ్ల లోపు వాళ్లకైతే ఏకంగా 32 శాతం!

మరి అప్పు తగ్గిందా? 2009లో అది సుమారు 300 బిలియన్ యూరోలు. 2014లో సుమారు 320. మధ్యలో 2012లో ప్రైవేటు సంస్థల బాండ్లపై అసలులో సగానికి పైగా రద్దు చేసినా ఇదీ పరిస్థితి. అదే సమయంలో దేశ ఆదాయం దాదాపు నాలుగో వంతు పడిపోయింది. అందుకే ఆదాయంతో పోలిస్తే అప్పు 127 శాతం నుంచి 180 శాతం దగ్గరికి ఎక్కింది. 2013లో ఉద్యోగం కోసం చూస్తున్న 25 ఏళ్ల లోపు యువతలో సగం కంటే ఎక్కువ మందికి పని లేదు.

ఎందుకిలా? చూడండి, మీరు బయట టీ తాగడం మానేస్తే మీ జీతం తగ్గదు. టీ కొట్టాయన సంపాదన తగ్గుతుంది. ప్రభుత్వానికి అలా కాదు. టీ కొట్టాయన కూడా ఆ దేశంలోనే ఉన్నాడు. ఆయన సంపాదన తగ్గితే కొనేది తగ్గుతుంది, ప్రభుత్వానికి వచ్చే పన్నూ తగ్గుతుంది. ఒకరి ఖర్చే ఇంకొకరి ఆదాయం అన్నమాట.

ఐఎంఎఫ్ కూడా ఈ దెబ్బను తక్కువ అంచనా వేసింది. 1 యూరో కోస్తే దేశ ఆదాయం సుమారు 50 సెంట్లు తగ్గుతుందనుకున్నారు. ఆ సంక్షోభ కాలంలో చాలా దేశాల లెక్కలు చూస్తే, అది 90 సెంట్ల నుంచి 1.70 యూరోల దాకా ఉండొచ్చని 2012లో ఐఎంఎఫ్ రిపోర్టే చెప్పింది.

అలాగని రెండో వైపు వాదనలో బలం లేదని కాదు. అప్పు పుట్టనప్పుడు గ్రీస్ ఖర్చు ఎలా పెంచుతుంది? యూరోలు సొంతంగా ముద్రించుకోలేదు కూడా. కోత కొంతైనా తప్పేది కాదు. కానీ ఎంత, ఎంత వేగంగా, ఎవరి మీద అన్నదే అసలు గొడవ.

2018 ఆగస్టులో గ్రీస్ ఆ అప్పుల ప్రోగ్రాం నుంచి బయటపడింది. 2020లో కోవిడ్ వల్ల 200 శాతం దాటిన అప్పు తర్వాత వేగంగా దిగింది. బడ్జెట్ అదుపులో ఉంచారు, నిజమే. దాంతోపాటు దేశ ఆదాయం పెరిగింది, ధరల పెరుగుదల కూడా కలిసొచ్చింది.

కాబట్టి ఎక్కడైనా ఖర్చులు తగ్గిస్తున్నాం అని వింటే, ఎంత మిగులుతుంది అని మాత్రమే అడగకండి. ఆ కోత వల్ల ఎవరి ఆదాయం పోతుంది, వాళ్లకు వేరే పని దొరికే పరిస్థితి ఉందా అని కూడా అడగండి. మళ్లీ కలుద్దాం!