చక్కెర డబ్బా మూత చప్పుడు

ఇంట్లో మిఠాయి పొట్లం వున్ననాడు ఎవరికీ అక్కర లేదు. లేనినాడే అందరి నోళ్లూ తీపి కోరుతాయి. మీ ఇంటి సంగతి నాకు తెలియదు గాని, పటాన్‌చెరులో మా ఇంటి సంగతి మాత్రం ఇదే.

మొన్నటి వానాకాలంలో ఒకనాటి రాత్రి. పది దాటింది. బొంబాయి రోడ్డు మీద రెండో షిఫ్టు బస్సులు నీళ్లు చిమ్ముకుంటూ పోతున్నవి. చదువుకుంటున్న మావాడు పుస్తకం మూసి, ఏదైనా తియ్యటిది కావాలని మారాం మొదలుపెట్టాడు. ఆ వానలో బజారుకు ఎవరు పోతారు?

మా అమ్మ లేచింది. "దుకాణమెందుకు బిడ్డా? డబ్బాలల్ల ఏమున్నదో చూద్దాం పా" అన్నది.

మధ్యాహ్నం మిగిలిన జొన్నరొట్టె ఒకటి వున్నది. దాన్ని పెనం మీద వెచ్చజేసి, తుంచి, చేత్తో పొడి పొడిగా నలిపింది. తురిమిన బెల్లం, వేయించిన నువ్వులు, ఒక యాలక్కాయ పొడి, చెంచాడు నెయ్యి వేసి, వేడి ఆరకముందే మళ్లీ నలిపి ముద్దలు కట్టింది. పది నిమిషాల పని. మావాడు రెండు ముద్దలు తిని, మారు మాట లేకుండా పడుకున్నాడు.

అదే మలీద. సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లు చెరువు గట్టున పంచుకునే ఫలహారాల్లో ఇదొకటి. పీర్ల పండుగకు పీర్ల ముందు పెట్టేదీ ఇదే. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక ఒక మాట చెప్పనివ్వండి. ఈ పేరు పారసీకం నుంచి వచ్చింది. ఆ భాషలో "మాలీదా" అంటే నలిపినది. పేరులోనే వంట విధానమంతా వున్నది!

నిజానికి మన డబ్బాల్లో లేనిదేమిటి? పుట్నాలు, పల్లీలు, బెల్లం కలిపి దంచితే వుండలు. పెసలు దోరగా వేయించి విసిరి, బెల్లం కలిపితే సత్తు. ఎండు కుడుక తురుము చల్లితే దాని రుచే వేరు. మా వూరి పక్కన 1972లో వెలసిన ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ పొలాలున్నవి. అక్కడి శాస్త్రజ్ఞులు పనిచేసిన పంటలు జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ. అంటే మా అమ్మ డబ్బాల వరుసే!

ఇంతవరకు కథ తియ్యగానే వున్నది. కాని ఆ రాత్రి అమ్మ మాత్రం ఒక్క ముద్ద ముట్టలేదు. ఆమెకు చాలా ఏళ్లుగా మధుమేహం. మాత్రలు వాడుతున్నది.

తెల్లవారుజామున వంటింట్లో డబ్బా మూత చప్పుడైంది. వెళ్లి చూస్తే అమ్మ! చీకట్లో నిలబడి చక్కెర నోట్లో వేసుకుంటున్నది. నాకు కోపం ఆగలేదు. "పగలంతా పథ్యం, రాత్రి దొంగతనమా?" అనేశాను. అమ్మ మాట్లాడలేదు. గోడ పట్టుకుని కూర్చున్నది. ఆ చెయ్యి వణకడం, ముఖాన చెమట పట్టడం నేను అప్పుడు చూశాను.

మర్నాడు డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "రాత్రి ఏం తిన్నరు?" అమ్మ తలవంచుకుని, "చక్కెర పెరుగుతదని తినలేదు. గోలీ మాత్రం మింగిన" అన్నది.

అదీ అసలు సంగతి. మాత్ర పనిచేసింది, అన్నం లేదు. రక్తంలో చక్కెర పడిపోయింది. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటె తగ్గితే చెమట, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి కలుగుతాయి. అప్పుడు తీపి కోరేది నాలుక కాదు, ప్రాణం. అటువంటప్పుడు 15 గ్రాముల చక్కెర, అంటే సుమారు మూడు చిన్న చెంచాలు, నీళ్లలో కలిపి తాగించాలి. 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష చెయ్యాలి. తగ్గే వుంటే మళ్లీ ఇవ్వాలి. ఆ సమయానికి మలీద పనికిరాదు. నెయ్యీ, నువ్వులూ తీపిని త్వరగా ఒంటికి పట్టనివ్వవు. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పొయ్యరాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

"మరి బెల్లం మంచిదంటారు గదా?" అని అడిగాను. డాక్టరు నవ్వాడు. బెల్లంలోనూ అధికభాగం చక్కెరేనట. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు పెద్దవాళ్లందరికీ వర్తిస్తుంది. పైన కలుపుకునే తీపి రోజుకు 25 గ్రాములు, అంటే ఆరు చిన్న చెంచాలు, దాటకుంటే మేలు. బెల్లం కూడా ఆ లెక్కలోనిదే.

డాక్టరు మాత్ర మోతాదు మార్చాడు. అమ్మ రాత్రి భోజనం మానడం మానేసింది. చక్కెర డబ్బా ఇప్పుడు చేతికందే అరలో వున్నది. దాన్ని దాచిపెట్టే పని లేదు.

నిన్న రాత్రి మళ్లీ మూత చప్పుడైంది. లేచి వెళ్లాను. ఈసారి కోప్పడలేదు. "అమ్మా, చెయ్యి వణుకుతున్నదా, నోరు కోరుతున్నదా?" అన్నాను. వేలు గుచ్చి పరీక్ష కూడా చేశాము. అంకె బాగానే వున్నది.

"నోరే బిడ్డా" అన్నది అమ్మ, సిగ్గుపడుతూ.

పుట్నాల డబ్బా దించి, గుప్పెడు పుట్నాలు, నాలుగు పల్లీలు, చిన్న కుడుక ముక్క ఆమె చేతిలో పెట్టాను. నేనూ అన్నే తీసుకున్నాను. ఇద్దరం గడప మీద కూర్చుని నెమ్మదిగా నమిలాము. బెల్లం లేకపోయినా కుడుక తియ్యగానే వున్నది.