స్టూవర్టుపురం సంస్కరణ కార్యక్రమం

స్టూవర్టుపురం సంస్కరణ కార్యక్రమం, దొంగల ముఠాలలో చిక్కుకున్నవారిని, వారి పిల్లలను ఆ దారి నుండి మళ్ళించుటకు 1970ల దశకంలో జరిగిన సామాజిక కృషి. సంఘసేవకులు లవణం (1930-2015), ఆయన భార్య హేమలతా లవణం (1932-2008) దీనికి సారథ్యం వహించారు. లవణం నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు. హేమలత మహాకవి గుర్రం జాషువా కుమార్తె. స్టూవర్టుపురం బాపట్ల జిల్లా, బాపట్ల మండలంలోని గ్రామం.

నేపథ్యం

1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని బ్రిటిషు ప్రభుత్వం 1911లో సవరించి మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది. ఎరుకల వంటి కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా పరిగణించారు. పోలీసులకు హాజరు వేయించుకోవడం, ఊరు దాటాలంటే అనుమతి పొందడం తప్పనిసరి అయింది. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసే అధికారం కూడా ఆ చట్టంలో ఉండేది. 1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఈ సెటిల్మెంటు ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. చట్టం మద్రాసులో 1947లోను, దేశమంతటా 1952లోను రద్దయింది.

యువత ముఠాలలో చేరుటకు కారణాలు

చట్టం పోయినా ముద్ర పోలేదు. ఊరిపేరు చెబితే పని ఇచ్చేవారు అరుదు. ఎక్కడ దొంగతనం జరిగినా అనుమానం ఈ ఊరిపైకే వచ్చేది. తండ్రి జైలుకు వెళితే ఇల్లు గడవదు. అటువంటి ఇంటి కుర్రవాడికి బంధువుల ముఠాయే దిక్కయ్యేది.

సంస్కరణ విధానం

లవణం దంపతులు సంస్కార్ సంస్థ ద్వారా పనిచేశారు. నేరం చేసినవారితోను, వారి కుటుంబాలతోను నేరుగా మాట్లాడారు. శిక్షకంటె నమ్మకం, నిఘాకంటె జీవనోపాధి, పిల్లలకు చదువు ముఖ్యమని భావించారు. ముఠా విడిచి వచ్చినవానికి మరునాడు చేయుటకు పని లేకపోతే, అతడు తిరిగి పాతదారి పట్టక తప్పదనేది ఈ విధానంలోని సారాంశం. హేమలత తరువాత జోగిని దురాచార నిర్మూలనకు కూడా కృషి చేశారు.

నేటి చట్టం

బాలల న్యాయ చట్టం, 2015 ప్రకారం 18 ఏళ్ళలోపు వారి కేసులను బాలల న్యాయ మండలి విచారిస్తుంది. పిల్లలను ముఠాగా నేరాలకు వాడుకునే పెద్దలకు 7 సంవత్సరాల వరకు కఠిన కారాగార శిక్ష, 5 లక్షల రూపాయల జరిమానా విధించవచ్చు. సంరక్షణ సంస్థల నుండి బయటకు వచ్చినవారికి 21 ఏళ్ళ వరకు ఆర్థిక సహాయం అందించే వీలుంది. బాల్యంలో చేసిన నేరం, కొన్ని ఘోరనేరాలలో తప్ప, తరువాతి ఉద్యోగాలకు అనర్హత కాదు. స్టూవర్టుపురం యువతను తరతరాలుగా వెంటాడిన ముద్ర మరొకరికి పడకుండా కాపాడేది ఈ నిబంధనే. ఆపదలో ఉన్న పిల్లలకోసం 1098 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.