నాలుగడుగుల పదకొండంగుళాల గురువుగారు

జూడో అనగానే మగపిల్లలు ఒకళ్ళనొకళ్ళు ఎత్తి కుదేసుకోవడం మీ కళ్ళముందు మెదులుతుంది కదూ? కాని ఆ విద్యలో స్త్రీలందరికన్నా పై మెట్టు ఎక్కినావిడ ఎత్తు నాలుగడుగుల పదకొండు అంగుళాలు. బరువు 45 కిలోలలోపు. ఆవిడ పేరు కెయికో ఫుకుదా.

1913లో టోక్యోలో పుట్టింది. చిన్నప్పుడే తండ్రి పోయాడు. పూలు అమర్చడం, టీ ఇచ్చే మర్యాదలు, కుంచెతో అక్షరాలు రాయడం - మంచి ఇంటి పిల్లకు నేర్పేవన్నీ నేర్పారు. తాతగారు హచినోసుకె మాత్రం జుజుత్సు అనే పాత మల్లవిద్యలో గురువు. ఆయన శిష్యుడు జిగొరో కానోయే 1882లో జూడోను స్థాపించాడు. గురువుగారి ఋణం మరచిపోకుండా, మనవరాలిని తన కొదోకాన్ విద్యాలయానికి పిలిచాడు. తల్లిని వెంటబెట్టుకుని చూసివచ్చి, 1935లో చేరింది. అప్పటికక్కడ నేర్చుకునే ఆడవాళ్ళు 24 మంది. బంధువులు వద్దన్నా తల్లి, సోదరుడు అడ్డు చెప్పలేదు. ఎందుకనుకున్నారు? ఎప్పటికైనా ఓ జూడో కుర్రాణ్ణి పెళ్ళాడకపోతుందా అని! తల్లుల ఆలోచన ఏ దేశంలోనైనా అటే పోతుంది కాబోలు.

ఇంత చిన్న మనిషికి ఆ విద్య ఎలా పట్టుబడిందంటారా? బిగుసుకున్న తలుపును మీరు బలమంతా పెట్టి తోస్తుంటే, లోపలివాళ్ళు గబుక్కున తీశారనుకోండి. ముందుకు పడిపోతాం. పడేసింది మన బలమే. జూడో కిటుకు అదే. ఎదుటిమనిషి తోస్తే లాగాలి, లాగితే ముందుకు వెళ్ళాలి. తూకం తప్పిన మనిషిని పడగొట్టడానికి కండబలం అంతగా అక్కర్లేదు. ఫుకుదా గారు ఆరితేరిన 'జు నో కాతా'లో పదిహేను పట్లు ఉంటాయి. ఒక్కదానిలోనూ ఎవరూ కిందపడరు. మామూలు బట్టలతోనే చేసుకోవచ్చు.

ఇంతలో సంబంధం రానే వచ్చింది. అయితే పెళ్ళయ్యాక జూడో మానాలి. ఆవిడ పెళ్ళే మానేసింది. ఆ రోజుల్లో అది చిన్న మాట కాదండీ. జన్మంతా ఒంటరిగానే ఉండిపోయింది.

కానోగారు 1938లో పోయారు. దేశాలు తిరిగి నేర్పమని ఆయన చెప్పిన మాట పట్టుకుని 1953లో అమెరికా వెళ్ళింది. ఆ ఏడే అయిదో డాన్ వచ్చింది. డాన్ అంటే నల్లబెల్టు వచ్చాక ఎక్కే మెట్టు; మొత్తం పది. ఆడవాళ్ళు అయిదు దాటరాదని కొదోకాన్ నియమం. ఆవిడ దగ్గర నేర్చుకున్న మగవాళ్ళకు లేని అడ్డు ఆవిడకుంది! 1964 టోక్యో ఒలింపిక్స్‌లో ప్రదర్శన ఇచ్చినా మెట్టు కదలలేదు. 1966లో మళ్ళీ అమెరికా వెళ్ళి, మిల్స్ కాలేజీలో 1978 దాకా నేర్పింది. శిష్యురాలు షెల్లీ ఫెర్నాండెజ్, అక్కడి మహిళాసంఘం పట్టుబట్టి రాయగా రాయగా, 1972లో ఆరో డాన్ ఇచ్చారు. పందొమ్మిదేళ్ళు! మనమైతే ఎప్పుడో విసిగిపోయేవాళ్ళం.

మరుసటి ఏడు 'బార్న్ ఫర్ ది మ్యాట్' అనే పుస్తకం వేసింది. ఆడవాళ్ళు కాతాలు నేర్చుకునేందుకు రాసిన పాఠ్యపుస్తకం అది. 2004లో 'జు నో కాతా' మీద ఇంకొకటి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆడవాళ్ళకోసమే ఒక జూడో క్లబ్బు కూడా నడిపింది. 2006లో కొదోకాన్ తొమ్మిదో డాన్ ఇచ్చింది. పదోది ఇచ్చింది మాత్రం అమెరికా జూడో సంఘం, 2011లో. అప్పుడావిడకు 98 ఏళ్ళు. ఆ వయసులోనూ వారానికి మూడుసార్లు పాఠం చెప్పేది. 2013 ఫిబ్రవరి 9న కన్నుమూసింది. నూరేళ్ళు నిండడానికి రెండే నెలలు తక్కువ.