మన్యం చలికి హస్కీ సరిపోతుందా?

డిసెంబరు వచ్చిందంటే లంబసింగి, చింతపల్లి వైపు పాదరసం సున్నాకు చేరువవుతుంది. ఆ చలి చూసి ‘హస్కీని పెంచితే ఇక్కడే పెంచాలి’ అని ముచ్చటపడేవాళ్లు ఉంటారు. దాన్ని ఘాట్ రోడ్డు ఎక్కించే ముందు ఈ సంగతులు చదవండి.

◆ సైబీరియా ఈశాన్య కొసన ఉండే చుక్చీ ఆదివాసులు పెంచిన జాతి ఇది. కొద్దిపాటి తిండితో, తేలికైన బరువు లాగుతూ, మంచు మీద ఎంత దూరమైనా పరుగెత్తే కుక్కలు వాళ్లకు కావాలి. 1908-09 ప్రాంతంలో ఇవి అలాస్కా చేరాయి. చూడ్డానికి భారీగా ఉన్నా, మగ హస్కీ బరువు 20 నుంచి 27 కిలోలే. మిగతాదంతా బొచ్చు!

◆ 1925 జనవరిలో అలాస్కాలోని నోమ్ పట్టణంలో పిల్లలకు కంఠసర్పి సోకింది. మందు చేర్చడానికి 20 మంది బండివాళ్లు, సుమారు 150 కుక్కలు వంతులవారీగా 1,085 కిలోమీటర్లు పరుగెత్తారు. ప్రయాణం ఐదున్నర రోజుల్లో పూర్తయింది. చివరి దశలో ముందు నడిచిన బాల్టో అనే హస్కీ విగ్రహం అదే ఏడాది న్యూయార్క్ సెంట్రల్ పార్కులో వెలిసింది. అన్నిటికన్నా ఎక్కువ దూరం, ప్రమాదకరమైన దారిలో పరుగెత్తింది మాత్రం టోగో అనే మరో హస్కీ.

◆ హస్కీ ఒంటి మీద రెండు పొరలుంటాయి. లోపల దూదిలాంటి ఒత్తు నూగు, పైన పొడవాటి గట్టి రోమాలు. నూగు ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది, పైరోమాలు మంచును లోపలికి రానివ్వవు. పడుకునేటప్పుడు తోకను ముక్కు మీదికి చుట్టుకుంటుంది. పీల్చే గాలి అలా కాస్త వెచ్చబడుతుంది.

◆ ఎండాకాలమని దానికి గుండు గీయించకండి. ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడేది ఆ బొచ్చే. ఒకసారి గీశాక మళ్లీ సరిగ్గా మొలవకపోవచ్చు కూడా.

◆ కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. వగర్చినప్పుడు నాలుక మీది, నోటిలోని తడి ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ తడి ఆరదు. అందుకే 34 డిగ్రీలు పొడిగాలి ఊళ్లో ఒక ఎత్తు, విశాఖ ఉక్కపోతలో మరో ఎత్తు. దాదాపు 900 మీటర్ల ఎత్తున్న అరకులో కొంత నయమే కానీ, ఏప్రిల్, మే నెలల్లో అక్కడా పగలు 30 దాటుతుంది. నడక తెల్లవారుజామునో, పొద్దుగూకాకో పెట్టుకోవాలి.

◆ కుక్క ఒంటి వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీలు. 41 దాటిందంటే వడదెబ్బే. నీడకు చేర్చి, మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాను గాలి తగిలేలా చూస్తూ వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

◆ బొర్రా గుహలు చూసొద్దామని కుక్కను కారులో వదిలి తాళం వేయకండి. బయట హాయిగా 24 డిగ్రీలున్నా, ఎండలో నిలిపిన కారులో అరగంటలో 40 దాటుతుంది. అద్దం కొంచెం దించినంత మాత్రాన ఆ వేడి తగ్గదు.

◆ ఏడాదికి సాధారణంగా రెండుసార్లు లోపలి నూగంతా గుత్తులు గుత్తులుగా ఊడుతుంది. మామూలు రోజుల్లో వారానికోసారి దువ్వితే చాలు, అప్పుడు మాత్రం రోజూ దువ్వాలి. వానాకాలంలో మరో తంటా. పైన ఆరినట్టే కనిపించినా చర్మం దగ్గర తడి ఉంటుంది. అలాగే వదిలేస్తే పుండ్లు పడతాయి. వేళ్లు నూగులోకి దూర్చి చూసి, పూర్తిగా ఆరేదాకా తుడవాలి.

◆ అంత బొచ్చులో పిడుదులు కంటికి కనపడవు. చెవుల లోపల, మెడ కింద, కాలి వేళ్ల సందుల్లో చేత్తో తడిమి వెతకాలి. వాటి కాటుతో వచ్చే జ్వరం రక్తకణాలను దెబ్బతీసి ప్రాణం మీదికి తెస్తుంది.

◆ అరకు కాఫీ మనకు అమృతమే, కుక్కకు విషం. కెఫీన్ లోపలికి వెళితే గుండెదడ, వణుకు, మూర్ఛ వస్తాయి. నవంబరు నుంచి కళ్లాల్లో పళ్లు ఆరబోస్తారు కదా, అటువైపు వెళ్లనివ్వకండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ కూడా పెట్టకూడదు.

◆ తోట కాపలాకని తెస్తే నిరాశే! హస్కీ మొరిగేది తక్కువ, ఊళపెట్టేది ఎక్కువ. కొత్తవాళ్లను చూసినా తోక ఊపుకుంటూ ఎదురెళుతుంది.

◆ కొత్త మనుషులతో చెలిమి చేసే ఈ కుక్కే కోడి కనబడితే వేటకు దిగుతుంది. నాటుకోళ్లు, మేకపిల్లలు యథేచ్ఛగా తిరిగే ఊళ్లో పట్టీ వదిలితే నష్టపరిహారాలు కట్టుకోవాల్సిందే. కంచె కింద గొయ్యి తవ్వడం, గోడ దూకడం దానికి వెన్నతో పెట్టిన విద్య.

◆ హస్కీల నీలికళ్లకు కారణం 2018లో తేలింది. ఆరువేలకు పైగా కుక్కల జన్యువులు పరిశీలిస్తే, ఏఎల్ఎక్స్4 అనే జన్యువు పక్కన కొంత భాగం రెండింతలు కావడమే దానికి మూలమని తెలిసింది. ఒక కన్ను నీలం, మరొకటి గోధుమరంగు ఉన్నా అది జబ్బు కాదు.

మన్యం చలి ఏడాదిలో కొన్ని నెలల ముచ్చటే, హస్కీ బతికేది 12 నుంచి 14 ఏళ్లు. రోజూ గంటకు పైగా పరుగెత్తించే ఓపిక, గట్టి కంచె, దగ్గరలో పశువైద్యుడు ఉంటేనే తెచ్చుకోండి. లేదంటే పోడు చేలో అడవిపందులను తరిమే నాటు కుక్కపిల్లను ఇంటికి తీసుకెళ్లి, మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి. ఈ కొండల ఎండకూ వానకూ తట్టుకునేది అదే.