కొట్టివేసిన పేర్లు, డేటాబేసు ప్రశ్నలు

గ్రంథాలయములందు సభ్యుల పట్టీని చూచినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. సభ్యుడొకడు మానుకొన్నప్పుడు గుమాస్తా ఆ పుటను చింపివేయడు. ఆ పేరుమీద ఎఱ్ఱసిరాతో ఒక గీత గీయును. పేరు చదువుటకు వీలుగనే యుండును. అతడు కట్టిన ధరావతు ఎంత, తీసికొనిపోయిన పుస్తకము లేవి, అవి తిరిగి వచ్చినవా అను ప్రశ్నలకు ఆ గీతక్రింది యక్షరములే సాక్ష్యము.

కంప్యూటరులో నుంచిన పట్టీకిని ఈ పద్ధతియే మేలు. వరుసను తొలగింపక, దాని ప్రక్క ‘కొట్టివేసిన తేది’ యను గడి నొకదానిని చేర్చవలెను. గడి ఖాళీగా నున్నచో సభ్యుడు కొనసాగుచున్నాడని యర్థము. అయితే పట్టీని అడిగిన ప్రతిచోటను ‘గడి ఖాళీగా నున్నవారిని మాత్రమే’ యని చెప్పుచుండవలెను. ఒక్కచోట మఱచినను, మూడేండ్ల క్రిందట మానుకొన్నవానికి చందా కట్టుమని జాబు పోవును. అందువలన ప్రోగ్రాము వ్రాయువానికి ఒక యూహ తోచును: అడుగు ఫంక్షనుకే ఈ మాట నేర్పిపెట్టరాదా?

ఈ యూహలోని మంచిచెడ్డలను జాంగో యను సాధనమునందు పరిశీలింతము. పట్టికల రూపమున సమాచారము నుంచు విధానమును 1970లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించెను. ఆ పట్టికలతో మాటలాడుటకు ఎస్.క్యూ.ఎల్. అను భాష కలదు. పైథాన్ భాషలో ప్రోగ్రాము వ్రాయువానికి ‘సభ్యుడు’, ‘పుస్తకము’ అను వస్తువులే కాని వరుసలు, గడులు కావలసినవి కావు. ఈ యిరువురి నడుమ నొక దుబాసీ యుండవలెను. జాంగోలో నట్టి దుబాసీ కలదు. ఇది అమెరికాలో కాన్సాస్ రాష్ట్రమందలి లారెన్స్ పట్టణపు వార్తాపత్రిక కార్యాలయమున 2003లో మొలకెత్తి, 2005లో లోకమునకు విడుదలయ్యెను. పేరు మాత్రము జాంగో రైన్‌హార్ట్ అను గిటారు వాద్యకునిది.

ఈ సాధనమునందు ప్రతి పట్టికకును ‘ఆబ్జెక్ట్స్’ అను పేరుగల మేనేజరు ఒకటి యడుగకయే లభించును. ‘ఆల్’ అన్నచో అన్ని వరుసలు, ‘ఫిల్టర్’ అన్నచో కోరినవి, ‘గెట్’ అన్నచో ఒక్కటి తెచ్చియిచ్చును. ఇవన్నియు ‘గెట్ క్వెరీసెట్’ అను నొక మూలఫంక్షనునుండి బయలుదేరును. దానిని మనము తిరుగ వ్రాసి, కొట్టివేసినవారిని విడిచిపెట్టుమని చెప్పవచ్చును. నాలుగు పంక్తుల పని. ఆ పిమ్మట ‘ఆల్’ అని యడిగినను ఉన్నవారే వత్తురు. చూచుటకు ముచ్చటగా నుండును.

చిక్కేమనగా, ఆ మేనేజరును అడుగువారము మనము మాత్రమే కాము. తరగతిలో మొదట వ్రాసిన మేనేజరును జాంగో ‘డిఫాల్టు’గా నెంచి, తన సొంతపనులకు గూడ వాడుకొనును. నిర్వాహకుల పుటలు దానినే యడుగును. కావున పొరపాటున కొట్టివేసిన పేరును సరిదిద్దుటకు నిర్వాహకుడు పోయి చూచినచో ఆ పేరే యచ్చట నుండదు.

సభ్యత్వపు సంఖ్య 212 గలవాడు మానుకొన్నాడనుకొనుడు. ఒక సంఖ్య ఇద్దఱి కుండరాదని డేటాబేసులో నిబంధన యున్నది. గుమాస్తా క్రొత్తవానికి 212 ఇచ్చును. ఫారము ముందుగా డిఫాల్టు మేనేజరును ‘212 ఉన్నదా?’ యని యడుగును. ‘లేదు’ అని జవాబు. వరుస డేటాబేసునకు పోవును. డేటాబేసునకు మన మేనేజరు సంగతి యేమి తెలియును? 212 ఉన్నదని త్రోసివేయును. గుమాస్తా యెంత వెదకినను ఆ 212 కనబడదు. షరతుతో గూడిన నిబంధనను వ్రాయు సదుపాయము 2019లో వచ్చిన 2.2వ కూర్పునుండి కలదు. దానితో ఈ బాధ తీరును. కాని ధరావతు లెక్క తేలనివాని సంఖ్యను మఱొకని కిచ్చుట నాకు సమ్మతము కాదు.

దీనికంటె గొప్పకీడు నకలు తీయుటలో నున్నది. జాంగోతోకూడ వచ్చు ‘డంప్‌డేటా’ యను ఆజ్ఞయు, ‘అన్నియు’ అని ప్రత్యేకముగ చెప్పినగాని, డిఫాల్టు మేనేజరు చూపిన వరుసలనే వ్రాసికొనును. కొట్టివేసినవారు నకలులోనికి రారు. వారిపేర పుస్తకపు టెరువు లున్నచో, నకలును తిరిగి యెక్కించునప్పుడు సభ్యుడు లేని యెరువు దొరకి యంత్రము మొఱపెట్టును, అది యదృష్టమే. ఎరువు లేనివాడైనచో ఏ చప్పుడును లేకయే మాయమగును. ధరావతు వాపసు కోరి వచ్చినవానికి ‘నీ పేరే లేదు’ అని జవాబు!

త్రోవలు కూడ భిన్నములు. ఎరువునుండి సభ్యునికి పోవునప్పుడు జాంగో ‘బేస్ మేనేజరు’ నడుగును; అది సామాన్యముగ దేనిని దాచదు. శాఖనుండి దాని సభ్యులను అడిగినప్పుడు డిఫాల్టు మేనేజరు వచ్చును. ఒకే మనిషి యొక త్రోవలో నుండును, మఱొక త్రోవలో లేడు.

కావున ‘ఆబ్జెక్ట్స్’ అను మేనేజరును సంపూర్ణముగ విడిచి, మొదట నుంచి, ‘ఉన్నవారు’ అను పేరుతో నొక క్రొత్త ఫంక్షనును క్వెరీసెట్‌లో చేర్చుట మంచిది. 2014లో వచ్చిన 1.7వ కూర్పునుండి అట్టి క్వెరీసెట్‌ను ‘యాజ్ మేనేజర్’ అను నొక్క పిలుపుతో మేనేజరుగా చేసికొనవచ్చును. అప్పుడు ‘ఉన్నవారు’ అని యడుగుట మఱచినచో నేమి? కొట్టివేసిన పేరొకటి పుటలో కనబడును. చూచిన వారెవరైన చెప్పుదురు. కనబడని పేరునుగూర్చి యెవరును చెప్పరు. ఆ రెండు తప్పులలో మొదటిదానినే నేను కోరుకొందును.

తొలగించు ఫంక్షను విషయమున మాత్రము వేఱు. సభ్యుని ‘డిలీట్’ను తిరుగ వ్రాసి, తేదిని వేయునట్లు చేసినను, ఫిల్టరుచేసి పలువురిని ఒక్కసారి డిలీట్ చేసినచో ఆ క్రొత్త ఫంక్షనును జాంగో పిలువదు, వరుసలు నిజముగనే పోవును. క్వెరీసెట్‌లోని డిలీట్‌ను గూడ మార్చవలెను. మార్చినపిదప ఒక పరీక్షా డేటాబేసులో పదుగురిని ఇట్లు తొలగించి, జాంగోను అడుగక, నేరుగా ఎస్.క్యూ.ఎల్.లో వరుసలను లెక్కింపుడు. ముందటి లెక్కయే వచ్చినచో ఎఱ్ఱగీత సరిగా పడినది.